అట్ట మీద 1926: చైనా వార్‌లార్డుల కాలపు ఆల్బమ్ మీద ఒక కేస్ స్టడీ

పాత ఫొటో ఎప్పటిదో, ఎక్కడిదో తేల్చి కేటలాగ్ రాసిపెట్టడం నా పని. ఎక్కువగా వచ్చేవి మన స్టూడియో పోర్ట్రెయిట్లు, పెళ్లి గ్రూపులు, జమీందార్ల కుటుంబ ఫొటోలు. ఈసారి వచ్చింది చైనా సైనికుల ఆల్బమ్. పంపినాయన న్యూజెర్సీలో ఉంటున్న తెలుగాయన. స్టాంపులు, పాత మిలిటరీ ఫొటోలు సేకరిస్తుంటారు. అక్కడ ఎవరైనా పెద్దవాళ్లు పోతే వాళ్ల ఇంట్లో సామానంతా అమ్మకానికి పెడతారు. అలాంటి అమ్మకంలో నల్ల కాగితాల ఆల్బమ్ ఒకటి కొన్నారు. మొత్తం 62 ఫొటోలు. అట్ట లోపలివైపు తెల్ల సిరాతో, ఇంగ్లీషులో, "జాంగ్ జ్వోలిన్ సైన్యం, చైనా, 1926" అని రాసి ఉంది. ముందు స్కాన్లు పంపారు, తర్వాత ఆల్బమే పంపారు. ఆయన ప్రశ్న ఒక్కటే: ఇవన్నీ 1926వేనా?

ఇలాంటి ఆల్బమ్‌లు అమెరికా ఇళ్లలో దొరకడం వింతేమీ కాదు. అమెరికా సైన్యంలోని 15వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ 1912 నుంచి 1938 దాకా తియాన్‌జిన్‌లో ఉంది. బీజింగ్‌లో అమెరికన్ లెగేషన్‌కి, అంటే రాయబార కార్యాలయానికి, మెరైన్ల కాపలా వేరే. ఆ సైనికులు సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు, బజారులో ఫొటోల సెట్లు కొనేవాళ్లు, ఊరికి వెళ్లేటప్పుడు పట్టుకుపోయేవాళ్లు. తిరుపతి వెళ్లొచ్చినవాళ్లు కొండ మీద దుకాణంలో కొన్న ఫొటోలను తాము తీసుకున్న ఫొటోల పక్కనే అంటించుకున్నట్టు, ఇక్కడా రెండూ కలిసిపోయి ఉంటాయి. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అందుకని ఇలాంటి ఆల్బమ్‌లో ప్రతి ఫొటోకీ నేను మూడు తేదీలు వెతుకుతాను. కెమెరా ముందు ఆ దృశ్యం జరిగినది ఒకటి, ఆ నెగటివ్ నుంచి ఈ కాగితం మీదికి ప్రింట్ వేసినది ఒకటి, దాని కింద శీర్షిక రాసినది ఒకటి. కొన్నవాళ్లు, అమ్మేవాళ్లు ఈ మూడింటినీ ఒకే తేదీగా చదివేస్తారు. ఈ కేసులో ఒకే ఫొటోలో మూడూ మూడు వేర్వేరు కాలాలకు చెందాయి.

ముందు కాలం గురించి నాలుగు మాటలు. 1911 అక్టోబర్ 10న వూచాంగ్‌లో తిరుగుబాటు, 1912 ఫిబ్రవరి 12న చింగ్ చక్రవర్తి పదవీ త్యాగం. అధికారం బెయ్‌యాంగ్ అనే ఉత్తర చైనా సైన్యాన్ని పెంచిన యువాన్ షికాయ్ చేతికి వచ్చింది. తానే చక్రవర్తి కావాలని చూసి, అది కుదరక, 1916 జూన్ 6న చనిపోయాడు. ఆయన పోయాక ఆ సైన్యం జిలి, అన్‌హుయ్ వర్గాలుగా చీలిపోయింది. మంచూరియాలో జాంగ్ జ్వోలిన్ నడిపిన ఫెంగ్‌తియన్ వర్గం మూడోది. ఇలా సొంత సైన్యాలతో ప్రాంతాలను ఏలిన సేనానులే వార్‌లార్డులు. 1920, 1922, 1924లలో పెద్ద యుద్ధాలు. 1926 జులైలో దక్షిణం నుంచి జాతీయవాద పార్టీ అయిన కొమింతాంగ్ సైన్యం బయలుదేరింది, 1928 జూన్‌లో బీజింగ్ దాని చేతికి వచ్చింది. అదే నెల 4న జాంగ్ జ్వోలిన్ రైలు బాంబు పేలుడులో పోయాడు.

ఇక ఫొటోల్లోకి. అన్నిటికన్నా ఎక్కువసేపు నన్ను కూర్చోబెట్టింది మూడో పేజీలోని పెద్ద ప్రింట్. సైనికుల కవాతు, వెనక భారీ కోట బురుజు, పక్కన దుకాణాల మీద జెండాలు. కింద శీర్షిక: "జాంగ్ సైన్యం పెకింగ్‌లో ప్రవేశిస్తోంది, 1926." పెకింగ్ అంటే బీజింగే. పంపినాయనకి జెండాల దగ్గర అనుమానం వచ్చింది. పైన నల్లగా, మధ్యలో తెల్లగా, కింద నల్లగా కనిపిస్తున్నాయి, జర్మన్ సామ్రాజ్యపు జెండా కాదు కదా అని అడిగారు. అనుమానంలో తప్పులేదు. జర్మన్ జెండాలో నలుపు, తెలుపు, ఎరుపు ఉంటాయి, పాత ఫొటోలో ఎరుపు నల్లగానే పడుతుంది.

కానీ చైనా రిపబ్లిక్ తొలి జెండా కూడా అలాగే పడుతుంది. అందులో పై నుంచి ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు, ఐదు సమానమైన అడ్డపట్టీలు. ఆ రోజుల్లో కెమెరాల్లో వాడిన మామూలు గాజు ప్లేట్లకు నీలి కాంతి మాత్రమే బాగా తెలుసు. ఎరుపు, పసుపు వాటికి చీకటితో సమానం. నీలం దాదాపు తెల్లగా వస్తుంది. కాబట్టి ఎరుపు-పసుపు కలిసి ఒక నల్ల పట్టీ, నీలం-తెలుపు కలిసి ఒక తెల్ల పట్టీ, అడుగున అసలైన నలుపు. ఐదు రంగులూ మూడయిపోతాయి. రెండు జెండాల్నీ విడదీయాలంటే కొలవాలి. జర్మన్ జెండాలో మూడు పట్టీలూ సమానం. ఇక్కడ పై రెండూ అడుగుదానికి రెట్టింపు ఉండాలి. గుడ్డ ముడతలు పడని చోట, కర్రకు దగ్గరగా కొలిస్తే సరిగ్గా అలాగే వచ్చింది. స్కాన్‌లో కాంట్రాస్ట్ పెంచితే పై నల్ల పట్టీ మధ్యలో సన్నని గీత కూడా తేలింది, ఎరుపుకీ పసుపుకీ మధ్య ఉన్న ఆ కొద్ది తేడా.

ఈ జెండా 1912 నుంచి 1928 దాకా ఉంది. అంటే శీర్షికలోని 1926 ఇంకా నిలబడే ఉంది. దాన్ని పడగొట్టింది వెనకనున్న బురుజు.

అది బీజింగ్‌లోని ఛియన్‌మెన్ ద్వారానికి ముందు నిలబడే బాణాల బురుజు. పాతకాలంలో ఈ బురుజునూ వెనకనున్న ప్రధాన ద్వారాన్నీ కలుపుతూ రెండు వైపులా వంపు తిరిగిన ప్రాకారం ఉండేది. ట్రాఫిక్‌కి అడ్డంగా ఉందని 1915 జూన్‌లో హోం మంత్రి జూ ఛీఛియన్ ఆధ్వర్యంలో ఆ ప్రాకారం కూల్చడం మొదలుపెట్టారు. కర్ట్ రోట్‌కేగెల్ అనే జర్మన్ ఆర్కిటెక్ట్ గీసిన ప్లాన్ ప్రకారం బురుజుకి తెల్లని పిట్టగోడల వసారాలు, బాణాల కిటికీల మీద కనుబొమల్లాంటి తెల్లని అంచులు పెట్టారు. ఈరోజు బీజింగ్ వెళ్లినవాళ్లు చూసేది ఆ కనుబొమల బురుజునే. అచ్చమైన పాత చైనా కట్టడమని దాని ముందు సెల్ఫీలు తీసుకుంటారు, కనుబొమలు మాత్రం జర్మన్ చేతివి. మన ఫొటోలో కనుబొమలు లేవు, వసారాలు లేవు, ప్రాకారం చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి ఇది 1915 జూన్‌కి ముందుది. జెండా చక్రవర్తి తప్పుకున్నాకే బీజింగ్ వీధుల్లోకి వచ్చింది. రెండూ కలిపితే 1912 ఫిబ్రవరి నుంచి 1915 మధ్య దాకా. ఫెంగ్‌తియన్ సైన్యం బీజింగ్‌లోకి వచ్చింది 1926 ఏప్రిల్‌లో. శీర్షికకీ దృశ్యానికీ తక్కువలో తక్కువ దాదాపు పదకొండేళ్ల తేడా.

ఈ పని చేసేముందు తప్పక చూసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. గాజు నెగటివ్‌ని తిరగేసి ప్రింట్ వేస్తే కుడి ఎడమ అవుతుంది, అప్పుడు కట్టడాల మీద పెట్టుకున్న లెక్కలన్నీ తప్పుతాయి. సైనికుల రైఫిళ్ల బోల్ట్ పిడి కుడివైపు, ఆఫీసర్ కత్తి ఎడమ నడుముకు ఉన్నాయి. ఫొటో సరిగ్గానే ఉంది. దుకాణాల బోర్డులు చూసి తేల్చొచ్చు కదా అనిపిస్తుంది. అప్పటి బోర్డులు కుడి నుంచి ఎడమకి రాసేవాళ్లు. అక్షరాల వరుస చూసి తిరగబడిందనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఒక్కో అక్షరం ఆకారం చూడాలి.

"అయితే ఇది యువాన్ షికాయ్ ప్రమాణస్వీకారం ఊరేగింపు అయ్యుండొచ్చు కదండీ?" అని ఫోన్‌లో అడిగారాయన. గొంతులో ఉత్సాహం తెలుస్తోంది. 1912 మార్చి 10 అని రాయగలిగితే ఆల్బమ్ ధరే మారిపోతుంది. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు కూడా. ఆ మూడేళ్లలో బీజింగ్‌లో సైన్యం కవాతు చేసిన సందర్భాలు ఎన్నో. ఫలానా రోజు అని చెప్పే గుర్తు ఫొటోలో ఒక్కటీ లేదు. రాయలేదు.

ఇప్పుడు ప్రింట్ సంగతి. అది కాగితానికి గట్టిగా అంటుకుని ఉంది, వెనకవైపు చూడటానికి లేదు. పీకడం నా పద్ధతి కాదు. ముందువైపే చూస్తే, కుడి అడుగు మూలలో తెల్లగా 37 అనే అంకె ఉంది. నెగటివ్ మీద నల్ల సిరాతో రాస్తే ప్రింట్‌లో తెల్లగా వస్తుంది. దుకాణాలు ఆర్డర్ల కోసం ఇలా నంబర్లు వేసుకునేవి. అదే చేతిరాతతో నంబర్లున్న ప్రింట్లు ఆల్బమ్‌లో ఇంకా ఉన్నాయి. అదే కాగితం, అదే వెడల్పు తెల్ల అంచు, చీకటి భాగాల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరవడం కూడా ఒకే తీరు. అన్నీ ఒకే దుకాణం సరుకు. వాటిలో 112వ నంబర్ ప్రింట్ ఈ కేసులో రెండో ముఖ్యమైన ఫొటో.

112లో రైల్వే ప్లాట్‌ఫాం, గూడ్స్ పెట్టెల్లో కిక్కిరిసిన సైనికులు. నూలు యూనిఫాంలు, భుజాన రైఫిళ్లు, కొందరి వీపు మీద నూనె కాగితపు గొడుగులు. గొడుగు చూసి చాలామంది నవ్వుతారు, అప్పటి విదేశీ పత్రికలూ నవ్వాయి. వానకోటు ఇవ్వని సైన్యంలో సైనికుడు వేరే ఏం చేస్తాడు? ఈ ప్రింట్ ఒక మూల ఊడి ఉంది, వెనక ఏదో డీలర్ పెన్సిల్‌తో 1913 అని రాశాడు. ఎందుకలా రాశాడో ముందువైపు చూస్తే తెలుస్తుంది. నెగటివ్ మీద చైనీస్ లిపిలో "మిన్‌గ్వో 13వ సంవత్సరం, 9వ నెల" అని ఉంది. చైనీస్ చదవగల మిత్రుడితో సరిచూసుకున్నాను. మిన్‌గ్వో అంటే రిపబ్లిక్. దాని మొదటి సంవత్సరం 1912. కాబట్టి 13కి 1911 కలపాలి, 1924 వస్తుంది. డీలర్ 13ని చూసి ముందు 19 తగిలించాడు. ఈ పొరపాటు ఎంత తరచుగా కనబడుతుందంటే, 1910ల ఫొటో అని ఎవరైనా పంపితే ముందు చైనీస్ అంకెలే చూస్తాను.

1924 సెప్టెంబర్ అంటే రెండో జిలి-ఫెంగ్‌తియన్ యుద్ధం మొదలైన నెల. జిలి సేనాని వూ పెయ్‌ఫు సైన్యం రైళ్లలో మంచూరియా దారిలోని షాన్‌హాయ్‌గ్వాన్ వైపు కదులుతోంది. ఆ యుద్ధం అక్టోబర్ 23న వూ కింది సేనాని ఫెంగ్ యూషియాంగ్ తన నాయకుడికే ఎదురుతిరిగి బీజింగ్‌ని పట్టుకోవడంతో తలకిందులైంది. "9వ నెల" అన్నది చాంద్రమానం లెక్క అయినా సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ దాకా వస్తుంది, పెద్ద తేడా పడదు. కానీ వీళ్లు వూ మనుషులా, జాంగ్ మనుషులా? ఇరువైపులా బూడిద రంగు నూలు బట్టలే, టోపీ మీద ఇరువైపులా ఐదు రంగుల నక్షత్రమే. యుద్ధంలో తమవాళ్లని గుర్తుపట్టడానికి చేతికి రంగు గుడ్డ పట్టీ కట్టుకునేవాళ్లు. ఫొటోలో పట్టీ ఉంది, రంగు లేదు. చేతిలో రైఫిల్ చూసి వర్గం చెప్పేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. హాన్‌యాంగ్ కర్మాగారం రైఫిల్ 1890ల నుంచి 1940ల దాకా అందరి చేతుల్లోనూ ఉంది. ఓడిన సైన్యం తుపాకులు మర్నాడు గెలిచినవాళ్లవి. ఆయుధం ఫలానా సంవత్సరానికి ముందు కాదని మాత్రమే చెబుతుంది, అంతకుమించి అడిగితే ఊహే.

పెట్టె మీద రాసిన రైల్వే పేరుకీ ఇదే గతి. బీజింగ్ నుంచి మంచూరియా వెళ్లే పెకింగ్-ముక్‌దెన్ లైన్ పెట్టె కాబట్టి ఆ లైన్ మీదే తీశారని అనలేం. వెనక్కి తగ్గేటప్పుడు ప్రతి వార్‌లార్డూ దొరికిన ఇంజన్లు, పెట్టెలు తోలుకుపోయేవాడు.

112, 37 ఒకే దుకాణం సెట్ అని ముందే చూశాం. ఒకే విడతలో కొన్న ఒకే కాగితం మీది ప్రింట్లు కాబట్టి, 37ని కూడా 1924 శరత్కాలం తర్వాతే వేసి ఉంటారు. దుకాణం దగ్గర పాత నెగటివ్ ఉంది, కొత్త యుద్ధంతో గిరాకీ పెరిగింది, పాతదాన్నీ సెట్‌లో కలిపి అమ్మింది. కొన్న అమెరికన్‌కి ఆ తేడా తెలియదు. కనుక 37వ ఫొటోకి: దృశ్యం 1912-1915, ప్రింట్ 1924 చివర్లో లేదా ఆ తర్వాత, శీర్షిక 1926లో లేదా ఆ తర్వాత.

శీర్షిక 1926 కన్నా ముందు కాదని ఎలా తెలుసు? చిన్న సైజు స్నాప్‌ల వల్ల. ఇవి అంటించలేదు, మూలల్లో కాగితపు క్లిప్పులతో పెట్టారు. సొంత కెమెరా ఫొటోలు. 1914 నుంచి కోడక్ అమ్మిన ఆటోగ్రాఫిక్ కెమెరాల్లో వెనక చిన్న కిటికీ ఉండేది. అది తెరిచి ఇనప పుల్లతో రాస్తే నెగటివ్ అంచున రాత పడుతుంది. అంటే ఫొటో తీసిన చేతితో, తీసిన వేళకే వేసిన తేదీ. నా పనిలో ఇంతకన్నా నమ్మకమైన సాక్ష్యం దొరకడం అరుదు. ఇక్కడ అంచుల మీద 4-26, 12-26, 1-27, 2-27 లాంటివి ఉన్నాయి. అమెరికన్లు నెల ముందు రాస్తారు కాబట్టి 4-26 ఏప్రిల్ 26వ తేదీ కూడా కావచ్చు. కానీ ఏ ఫొటో మీదా రెండో అంకె 26, 27 తప్ప ఇంకోటి లేదు. అన్ని ఫొటోలూ నెలలో ఆ రెండు రోజుల్లోనే తీశాడనుకోవడం కన్నా సంవత్సరాలనుకోవడమే సబబు.

4-26 స్నాప్‌లో తియాన్‌జిన్ విదేశీ వాడలోని వీధి, ముళ్లతీగ అడ్డం, ఆవతల చైనా సైనికులు నిలబడి కెమెరావైపే చూస్తున్నారు. ఆ వసంతంలోనే ఫెంగ్ యూషియాంగ్ సైన్యం తియాన్‌జిన్ వదిలి వెళ్లింది, జాంగ్ వైపు సైన్యాలు వచ్చాయి. అట్ట మీద రాత నిజమయ్యేది ఈ స్నాప్‌ల విషయంలోనే. 62లో ఇవి మూడోవంతు కూడా లేవు. చూడటానికి అన్నిటికన్నా పేలవంగా ఉంటాయి, వంకరగా, మసకగా. కొనేవాళ్లు వీటిని దాటేసి పెద్ద ప్రింట్ల దగ్గర ఆగుతారు. చరిత్ర చదివేవాళ్లకి మాత్రం ఇవే అసలు సరుకు.

మిగిలినవి త్వరగా తేలిపోయాయి. "మార్షల్ జాంగ్" అని రాసిన పోర్ట్రెయిట్‌ని భూతద్దం కింద పెడితే చుక్కలు కనిపించాయి, అంటే పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ, ఫొటో కాదు. ఒక అశ్వికదళం ఫొటో అతినీల లోహిత దీపం కింద నీలంగా వెలిగింది. కాగితాన్ని తెల్లగా చూపించే ఆ రసాయనాలు ఫొటో కాగితాల్లోకి 1950ల ప్రాంతంలో వచ్చాయి. ఎవరో తర్వాత కాపీ వేయించి ఖాళీలో పెట్టారు. ఇంకో స్నాప్‌లో సైనికుడి టోపీ మీద తెల్లని గుండ్రటి బిళ్ల ఉంది, లోపల ఏమీ లేనట్టు. అది కొమింతాంగ్ బిళ్ల. నీలి ఆకాశంలో తెల్ల సూర్యుడు, కాకపోతే ఫిల్మ్ మీద నీలమూ తెల్లబడి సూర్యుడు అందులో కలిసిపోయాడు.

రెండు పేజీలు మరణశిక్షలవి. వీటిని పోస్ట్‌కార్డులుగా వేసి విదేశీయులకు అమ్మేవాళ్లు, అందుకే ఇలాంటి ఆల్బమ్‌లలో ఇవి తరచూ కనబడతాయి. శీర్షిక ఎప్పుడూ "బందిపోట్లు" అనే. దాన్ని నేను యథాతథంగా తీసుకోను. జీతం అందని సైనికుడు బందిపోటు అయ్యేవాడు, బందిపోటు ముఠాని సైన్యంలో చేర్చుకుంటే మర్నాటికి సైనికుడయ్యేవాడు. జాంగ్ జ్వోలిన్ స్వయంగా మంచూరియా గుర్రపు దొంగల ముఠాల్లోంచి పైకి వచ్చినవాడే. కేటలాగ్‌లో "మరణశిక్ష దృశ్యం, నేరం తెలియదు, పాత శీర్షిక కొటేషన్‌లో" అని రాశాను. అమ్మకం పేజీలో ఈ రెండు పేజీల స్కాన్లు పెట్టొద్దని చెప్పాను, ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

ఒప్పుకోనిది ఇంకొకటి. పెద్ద ప్రింట్లు విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందని ఆయనకెవరో చెప్పారు. అది నిజమే, నేనూ కాదనలేదు. కానీ 37కీ 112కీ ఉన్న బంధం అవి ఒకే ఆల్బమ్‌లో ఉండబట్టే తెలిసింది. విడదీస్తే 112 వెనక 1913 అన్న పెన్సిల్ రాత మిగులుతుంది, 37 కింద శీర్షిక మిగులుతుంది, రెండూ అబద్ధాలే. కాసేపు వాదించుకున్నాం. చివరికి ఆల్బమ్ మొత్తంగానే ఉంచడానికి, తప్పు శీర్షికలు చెరపకుండా పక్కన కేటలాగ్ నంబర్లు మాత్రం వేరే చీటీ మీద పెట్టడానికి ఒప్పుకున్నారు. అమ్మాలా వద్దా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు.

పూర్తిగా తేలని ఫొటో ఒకటి మిగిలింది. సాయుధ రైలు, దాని ముందు చైనా సైనిక యూనిఫాంలో తెల్లజాతి మనుషులు. కింద "బోల్షివిక్కులు" అని రాసి ఉంది. ఆ కాలంలో చైనాలో రెండు రకాల రష్యన్లు ఉన్నారు. కొమింతాంగ్‌కీ ఫెంగ్ యూషియాంగ్‌కీ సలహాదారులుగా వచ్చిన సోవియట్ మనుషులు ఒకరు, విప్లవం నుంచి పారిపోయి వచ్చి షాన్‌దోంగ్ పాలకుడు జాంగ్ జోంగ్‌చాంగ్ దగ్గర కిరాయి సైనికులుగా చేరిన శ్వేత రష్యన్లు ఇంకొకరు. సాయుధ రైళ్లు నడపడంలో పేరుపడింది ఈ రెండోవాళ్లు. పెట్టె మీద ఐదు పట్టీల జెండా రంగు వేసి ఉంది. కాబట్టి ఇది కొమింతాంగ్ సైన్యం కాదు. ఫెంగ్ మాత్రం 1926 సెప్టెంబర్ దాకా ఆ జెండా కిందే ఉన్నాడు, కాబట్టి ఆయన్ని పూర్తిగా పక్కన పెట్టలేను. పెట్టె పక్క అక్షరాల కోసం ఎక్కువ రెజల్యూషన్‌తో మళ్లీ స్కాన్ చేస్తే తియాన్‌జిన్-పుకోవ్ లైన్ పేరు బయటపడింది. ఆ లైన్ షాన్‌దోంగ్ గుండానే వెళ్తుంది, ఊహకి బలం వచ్చింది కానీ దొంగిలించిన పెట్టెల దేశంలో అది రుజువు కాదు. ఎంట్రీలో "1924-1928, బహుశా జాంగ్ జోంగ్‌చాంగ్ దళాల శ్వేత రష్యన్ సిబ్బంది" అని రాసి, ఆ "బహుశా" ఎందుకో కింద మూడు వాక్యాల్లో వివరించాను. అమ్మే పక్షంలో ఆ మూడు వాక్యాలూ కత్తిరించకూడదన్నది మా ఒప్పందంలో ఉంది.